పని ఎక్కడ ఆగింది?

"ఆలస్యం అమృతం విషం" అని ఒక సామెత. "నిదానమే ప్రధానం" అని ఇంకొకటి. రెండూ మనవే. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో ఏ అంతస్తులో మీటింగ్ రూమ్ తలుపు తీసినా ఈ రెండు సామెతలూ బల్లకు చెరోవైపు కూర్చుని కనిపిస్తాయి. డెలివరీ వాళ్లది మొదటిది, టెస్టింగ్ వాళ్లది రెండోది. క్లయింటు లైన్లో ఉంటాడు కాబట్టి గొంతులు పెరగవు. చివరికి ఎవరో ఒకరు రాజీ కుదురుస్తారు. తేదీ కదపొద్దు, టెస్టింగ్ కాస్త తగ్గిద్దాం అంటారు. లేదంటే టెస్టింగ్ తగ్గించొద్దు, తేదీ ఒక వారం జరుపుదాం అంటారు.

ఈ ఐటీ కారిడార్‌కు వచ్చినప్పటి నుంచి నేను డెలివరీ వైపే కూర్చుంటున్నాను. త్వరగా కావాలంటే నాణ్యత కొంత వదులుకోవాలి, నాణ్యత కావాలంటే తేదీ కొంత వదులుకోవాలి. ఈ బేరం మాకు ఒకరు నేర్పనక్కర్లేదు, చేరిన నెలకే ఒంటబడుతుంది. బేరం లేని దారి ఒకటుందని నేను తెలుసుకున్నది మా టీమ్‌లో టెస్టింగ్ చూసే ఒకావిడ దగ్గర. గుంటూరు జిల్లా మనిషి. తనకంటే పెద్దవాళ్లకు కూడా ఆవిడ 'అక్క'.

ముందు ఈ చోటి తొందర గురించి కొంచెం చెప్పాలి. నానక్‌రామ్‌గూడ నిన్నమొన్నటి దాకా ఊరే. రంగనాథస్వామి గుడి, రాతి గుట్టలు, షూటింగులకు రామానాయుడు స్టూడియో. 2008 నవంబరులో గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా ఔటర్ రింగ్ రోడ్డు తెరిచాక ఇక్కడి నేల తీరే మారిపోయింది. 2016 మార్చిలో అమెజాన్ ఇక్కడ క్యాంపస్‌కు శంకుస్థాపన చేసి, 2019 ఆగస్టులో ప్రారంభించింది. 9.5 ఎకరాలు, 18 లక్షల చదరపు అడుగుల ఆఫీసు, 15 వేల మందికి పైగా కూర్చునే చోటు. ఆ శంకుస్థాపన జరిగిన ఏడాదే, డిసెంబరు 8 రాత్రి, ఇదే నానక్‌రామ్‌గూడలో కడుతున్న ఒక భవనం కుప్పకూలింది. అనుమతి లేకుండా లేపిన అంతస్తులు. 11 మంది పోయారు. పొట్ట చేతపట్టుకుని విజయనగరం వైపు నుంచి వచ్చిన కూలీలు కూడా వాళ్లలో ఉన్నారు.

మా వృత్తిలో కట్టింది కూలితే సాధారణంగా ఎవరి ప్రాణాలూ పోవు. స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలు వస్తాయి, అర్ధరాత్రి ఇద్దరు ముగ్గురికి ఫోన్లు మోగుతాయి. "ముందు వదిలేద్దాం, తర్వాత సరిచేద్దాం" అనే ధైర్యం మాకు అక్కణ్నుంచే వచ్చిందనుకుంటాను. ఆ 'తర్వాత'కు ఎంత సమయం పోతోందో మాత్రం ఏ టైమ్‌షీట్లోనూ విడిగా పడదు.

మేం పనిచేసేది అమెరికాలోని ఒక బీమా సంస్థకు. ప్రమాదం జరిగినప్పుడు కారు ఫొటోలు కస్టమరే ఫోన్ నుంచి ఎక్కించే సదుపాయం కావాలన్నారు. పెద్ద పనేం కాదు. అయినా చెప్పిన తేదీ దాటి, ఇంకో తేదీ కూడా దాటి, రెండు నెలలకు దగ్గరపడి బయటికి వెళ్లింది. వెళ్లిన వారంలోనే రెండు హాట్‌ఫిక్సులు. అంటే వేగమూ దక్కలేదు, నాణ్యతా దక్కలేదు. ఆ రిలీజ్ మీద జరిగిన సమీక్షలో అందరం అలవాటైన మాటలే మాట్లాడాం. ఎస్టిమేట్ తక్కువ ఇచ్చాం, మనుషులు చాలలేదు, రిక్వైర్‌మెంట్ మధ్యలో మారింది. అక్క అంతా విని, ఆ పని నమోదైన టికెట్ హిస్టరీని స్క్రీన్ మీద పెట్టింది. పుట్టిన రోజు నుంచి మూసిన రోజు దాకా దాన్ని ఒక ఎక్సెల్ షీట్లో పరిచి, ఎవరైనా దాని మీద నిజంగా పనిచేసిన గంటలకు పచ్చరంగు, మిగతా సమయానికి ఎరుపు వేసి తెచ్చింది.

షీటంతా ఎరుపే. అక్కడక్కడా పచ్చ గీతలు. అన్నీ కలిపినా వారం పని లేదు.

ఎరుపు ఎక్కడెక్కడ ఉందో ఆవిడ వరసగా చూపించుకుంటూ పోయింది. కోడ్ రాయడానికి రెండు రోజులు పట్టింది. అది రివ్యూ కోసం ఆర్కిటెక్ట్ వాకిట్లో వారం పైన పడి ఉంది. ఆయన చూడటానికి తీసుకున్నది గంట. ఫొటో ఎంత సైజు దాకా ఒప్పుకోవాలి అని అమెరికాకు ఒక మెయిల్ వెళ్లింది. అక్కడ వాళ్లు కాఫీ తాగి మెయిల్ తెరిచేసరికి ఇక్కడ మనవాళ్లు క్యాబ్ ఎక్కేశారు. జవాబుగా వాళ్లు ఇంకో ప్రశ్న వేశారు. ఒక్క అంకె తేలడానికి నాలుగు రోజులు. తర్వాత టెస్ట్ ఎన్విరాన్‌మెంట్ ఇంకో టీమ్ చేతిలో ఉంది. అది దొరికాక టెస్ట్ డేటా లేదు. డేటా వచ్చి టెస్ట్ చేస్తే బగ్ దొరికింది, కానీ రాసిన కుర్రాడు అప్పటికి మూడో పనిలో మునిగి ఉన్నాడు. దీని దగ్గరికి మళ్లీ వచ్చేసరికి తను రాసింది తనకే గుర్తులేదు. అంతా అయ్యాక సెక్యూరిటీ స్కాన్ కోసం కొన్ని రోజులు. క్లయింటు వైపు మార్పులకు ఆమోదం ఇచ్చే బోర్డు మంగళవారం మాత్రమే కూర్చుంటుంది. మన కాగితం బుధవారం తయారైంది.

"చేసేవాళ్లని తరిమితే ఏమొస్తుందండీ?" అంది అక్క. "పని మన చేతిలో ఉన్నది ఇంతే. మిగతా రోజులన్నీ అది ఎవరి చేతిలోనూ లేదు."

మా తొందరంతా ఆ పచ్చ గీతల మీదే ఖర్చవుతోందని నాకు అప్పుడు తట్టింది. త్వరగా రాయండి, త్వరగా టెస్ట్ చేయండి, శనివారం కూడా రండి. ఎవరు ఎంత చెమటోడ్చినా ఆ గీతలు సగమవుతాయేమో. అప్పటికీ మొత్తం షీటులో రెండు మూడు రోజులు తగ్గుతాయి. ఆ మూడు రోజుల కోసం కోసేది టెస్టింగునే, రివ్యూనే. నాణ్యత పచ్చలో ఉంటుంది, ఆలస్యం ఎరుపులో ఉంటుంది. ఆలస్యాన్ని తగ్గించడానికి మేం నాణ్యతను నరుకుతున్నాం.

మరి ఎరుపు ఎందుకంత? ఎవరూ ఖాళీగా లేరు కదా? సరిగ్గా అందుకే.

డెన్మార్క్‌లో కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే ఇంజనీరు 1909లోనే ఫోన్ కాల్స్ రాకపోకల మీద లెక్క కట్టడం మొదలుపెట్టాడు. క్యూల గణితం ఆ దారిలోనే పెరిగింది. అందులో అన్నిటికంటే సాదా లెక్క ఒకటి మా వృత్తిలో అందరూ గోడకు రాసుకోదగ్గది. పని ఎప్పుడు వస్తుందో, ఎంతసేపు పడుతుందో ముందే తెలియనిచోట, ఒక మనిషి సమయం 50 శాతం నిండి ఉంటే, అతని దగ్గరికొచ్చిన పని సగటున చేయడానికి పట్టేంతసేపే ఎదురుచూస్తుంది. 80 శాతం నిండితే దానికి 4 రెట్లు. 90 శాతానికి 9 రెట్లు. 95కి 19 రెట్లు. ఆర్కిటెక్ట్ గంట పని కోసం టికెట్ వారం పడి ఉండటంలో ఆయన బద్ధకం ఏమీ లేదు. ఆయన క్యాలెండర్ నిండుగా ఉంది, అంతే. సాయంత్రం ఆరున్నరకు విప్రో జంక్షన్‌లో నిలబడితే ఈ లెక్కకు కాగితం కూడా అక్కర్లేదు. రోడ్డు నూటికి నూరు పాళ్లూ వాడకంలో ఉంటుంది, ఒక్క అడుగు వృథా పోదు, కదిలేది మాత్రం ఏదీ ఉండదు. ఆ రోడ్డును చూసి విసుక్కునే మేమే, ఆఫీసుకొచ్చి యుటిలైజేషన్ 97 శాతం అని స్లైడ్ వేసి చప్పట్లు కొట్టించుకుంటాం.

ఇంకో లెక్క దీనికంటే తేలిక. అమెరికన్ ఆచార్యుడు జాన్ లిటిల్ 1961లో దాన్ని నిరూపించాడు. చేతిలో ఉన్న పనుల సంఖ్యను, వారానికి ముగించే పనుల సంఖ్యతో భాగిస్తే, ఒక్కో పనికి సగటున ఎన్ని వారాలు పడుతుందో వస్తుంది. 20 పనులు మొదలుపెట్టి వారానికి 4 ముగించే టీమ్‌కు ఒక్కో పని 5 వారాలు తింటుంది. అదే టీమ్, అదే మనుషులు, అదే వేగం, చేతిలో 8 పనులే పెట్టుకుంటే 2 వారాలు. ఎవరూ ఒక్క గంట కూడా ఎక్కువ పనిచేయనక్కర్లేదు. చేయాల్సిందల్లా మిగతా 12 పనుల్ని ఇంకా మొదలుపెట్టకపోవడం. చదవడానికి మూడో తరగతి భాగహారం. ఆచరించడానికి మాత్రం గుండె కావాలి. మొదలుపెట్టలేదు అని క్లయింటుతో చెప్పడం కన్నా, "నడుస్తోంది సార్" అని చెప్పడం ఎంతో సుఖం.

ఈ లెక్కలు చూశాక, మొదలైనదాన్ని ముగించేదాకా కొత్తది ముట్టుకోవద్దు అన్నది మేం పెట్టుకున్న కట్టుబాటు. పొద్దున స్టాండప్ మీటింగ్‌లో "నిన్న నేనేం చేశాను" అని వరసగా అప్పజెప్పడం మానేశాం. బోర్డు మీద ముగింపుకు దగ్గరగా ఉన్న టికెట్ నుంచి మొదలుపెట్టి, ఇది ఎందుకు ఆగింది అని అడగడం మొదలైంది. డెవలపర్ చేతిలో పని అయిపోతే కొత్తది తీసుకునే ముందు పక్కవాడి కోడ్ రివ్యూ చేయాలి. రివ్యూ లేకపోతే టెస్టింగుకు సాయం పట్టాలి. ఇది చాలామందికి మింగుడుపడలేదు. ఇంజనీరింగ్ చదివి టెస్ట్ డేటా తయారుచేయాలా అని ఒకరిద్దరు మొహం ముడుచుకున్నారు. మా దగ్గర టెస్టింగ్ అంటే రెండో రకం ఉద్యోగమనే చిన్నచూపు ఇంకా పోలేదు, దాన్ని దాచి లాభం లేదు. ఆన్‌సైట్ మేనేజర్ ఒకాయన వీడియో కాల్‌లో ఒక కుర్రాడు ఊరికే కూర్చుని ఉండటం చూసి, "అతను ఖాళీగా ఉన్నాడేంటి?" అని విడిగా ఫోన్ చేశాడు. గంటలకు బిల్లు కట్టే లోకంలో అది సహజమైన ప్రశ్నే. ఖాళీగా ఉన్నాడు కాబట్టే వచ్చిన పని వచ్చినట్టు అందుకుంటున్నాడు అని నచ్చజెప్పడానికి చాలా ఫోన్లే పట్టాయి.

అన్నిటికన్నా పెద్ద మార్పు అక్క కుర్చీ జరగడం. టెస్టర్ చివర్లో రావడం మా పాత పద్ధతి. ఇప్పుడు పని మొదలయ్యే ముందే ఆవిడ, రాసే కుర్రాడు, రిక్వైర్‌మెంట్ చూసే అమ్మాయి అరగంట కలిసి కూర్చుంటారు. ఆవిడ అడిగేవన్నీ పెడసరం ప్రశ్నలు. ఫొటో ఎక్కుతుండగా సిగ్నల్ పోతే? ఒకే ఫొటో రెండుసార్లు పంపితే? కారు ఫొటో బదులు పెళ్లి ఫొటో పెడితే? ఇవే ప్రశ్నలు ఇంతకుముందు బగ్గులుగా, అన్నీ అయిపోయాక, నెల తర్వాత వచ్చేవి. ఇప్పుడు కోడ్ రాయకముందే వస్తున్నాయి. అప్పుడైతే ఒక్కో ప్రశ్నకూ ఒక డిఫెక్ట్ టికెట్, దాని తీవ్రత ఎంతో తేల్చడానికి ట్రయాజ్ మీటింగ్, అందులో ఇది బగ్గా లేక కొత్త కోరికా అని వాదన, రీ-ఓపెన్, రీ-టెస్ట్. ఇప్పుడు ఒక్కో ప్రశ్నకూ ఒక వాక్యం.

ఈ మార్పులతో నాణ్యత కూడా పెరిగింది. ఎందుకు పెరిగిందో నాకు కాస్త ఆలస్యంగా అర్థమైంది. మేం టెస్టింగ్ పెంచలేదు. కానీ ఎదురుచూపు తగ్గాక తప్పు పుట్టడానికీ, అది బయటపడటానికీ మధ్య దూరం తగ్గిపోయింది. పొద్దున రాసిన కోడ్‌లో తప్పు మధ్యాహ్నం తెలిస్తే రాసినవాడికి ప్రతి వరుసా కళ్లముందే ఉంటుంది, పది నిమిషాల్లో దిద్దుతాడు. నెల తర్వాత తెలిస్తే ముందు దాన్ని మళ్లీ చదవాలి, ఈలోగా దాని మీద ఇంకొకరు కట్టిన గోడలన్నీ విప్పాలి, విప్పేటప్పుడు ఇంకో రెండు తప్పులు పుడతాయి. ఒకేసారి రెండొందల మార్పులు బయటికి పంపితే ఏది పగలగొట్టిందో వెతకడానికే రాత్రంతా పోతుంది. రెండే పంపితే వెతకాల్సినవీ రెండే.

మా టీమ్‌లో భువనగిరి వైపు కుర్రాడొకడున్నాడు. పద్మశాలీల ఇల్లు. ఈ షీటు చూసి అతనన్న మాట నాకు ఇప్పటికీ పనికొస్తోంది. "మగ్గం ఊకె ఆగదు సార్. ఆసు కాకపోతెనే ఆగుతది."

పోచంపల్లి చీర మీద ఆ రంగుల డిజైను నేతలో పుట్టదు, నేతకు ముందే నూలులో పుడుతుంది. దారాన్ని అర్ధచంద్రంలా పేర్చిన మేకుల చుట్టూ ఒక్కో పోగుగా చుట్టాలి. దాన్నే ఆసు పోయడం అంటారు. తర్వాత గుర్తులు పెట్టి, కట్లు కట్టి, రంగులో ముంచి, విప్పి, కండెలకు చుట్టి, అప్పుడు మగ్గం. ఒక్క చీరకు ఆసు పోయాలంటే చెయ్యి సుమారు 9 వేల సార్లు ఇటూ అటూ తిరగాలి. నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరలు దాటితే భుజం మాట వినదు. ఈ పని ఇంట్లో ఆడవాళ్లది. ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం వాళ్లమ్మ లక్ష్మి చేసిందీ అదే. ఆరో తరగతితో చదువు ఆపి నేతలో దిగిన మల్లేశం, ఆవిడ నొప్పి చూడలేక 1992లో యంత్రం తయారీకి పూనుకున్నాడు. ఒక్కో భాగం చేసి చూడటం, డబ్బు అయిపోతే ఆగడం, మళ్లీ మొదలుపెట్టడం. హైదరాబాద్ వచ్చి ఎలక్ట్రికల్ పనులు చేసుకుంటూ సాగించాడు. చివరి చిక్కుముడికి దారి బాలానగర్‌లో ఒక యంత్రం కదలికను చూసినప్పుడు దొరికింది. 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తయారైంది. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. 2017లో పద్మశ్రీ, 2019లో ఆయన మీద సినిమా, ఇవన్నీ అందరికీ తెలిసినవే.

సినిమా చూసినవాళ్లంతా అమ్మ మీద ప్రేమ గురించి మాట్లాడతారు, అది న్యాయమే. నాకు ఇంకోటి కూడా కనిపిస్తుంది. ఆయన మగ్గాన్ని ముట్టుకోలేదు. నేతగాణ్ని త్వరపెట్టలేదు. మరమగ్గం పెట్టి చేనేతను ఎత్తేయలేదు. చీర ఎక్కడ ఆగుతోందో అక్కడ ఒక్కచోటే చెయ్యి పెట్టాడు. మిగతా పనంతా, అంటే కట్టడం, అద్దడం, నేయడం, మనిషి నైపుణ్యం ఉన్నదంతా, ఉన్నచోటే ఉంది. పైగా అలసిన చెయ్యి పోగుల లెక్క తప్పుతుంది, యంత్రం తప్పదు. ఆసులో పోగు తప్పితే మగ్గం మీద డిజైను చెదురుతుంది. వేగం కోసం పెట్టిన యంత్రమే నాణ్యతను కూడా కాపాడింది.

మగ్గం నుంచే నేర్చుకోవాల్సిన సంగతి ఇంకోటి ఉంది. జపాన్‌లో టొయోటా కార్ల కంపెనీకి మూలపురుషుడు సకిచి టొయోడా మగ్గాలు చేసేవాడు. 1924 నాటి ఆయన ఆటోమేటిక్ మగ్గం, దారం తెగితే తనంతట తనే ఆగిపోయేది. తెగిన దారంతో ఎంత త్వరగా నేస్తే అంత బట్ట పాడు. ఆ ఆలోచనే తర్వాత కార్ల ఫ్యాక్టరీకి వెళ్లింది. తేడా కనిపిస్తే ఏ కార్మికుడైనా తాడు లాగి లైనును ఆపమనవచ్చు. మా దగ్గర ఆ తాడుకు సమానమైనది బిల్డ్. అందరి కోడూ కలిసేచోట ఏదైనా పగిలితే బోర్డు ఎర్రబడుతుంది. ఎర్రగా ఉన్నంతసేపూ దానిమీద ఎవరూ కొత్త కోడ్ కలపకూడదు, ముందు అది బాగుచేయాలి అన్నది నియమం. కాగితం మీద ఈ నియమం ఈ కారిడార్‌లో అందరికీ ఉంది. పాటించేవాళ్లు తక్కువ, ఎందుకంటే ఆపినవాడు అందరి కళ్లలో పడతాడు. చేరి ఏడాది కాని పిల్లలు అసలు నోరెత్తరు. అక్క ఇక్కడ ఒక చిన్న పట్టింపు పెట్టుకుంది. "ఎవరు పగలగొట్టారు?" అని ఎవరైనా అడిగితే వెంటనే "ఏం పగిలింది?" అని దిద్దేది. మేనేజర్ అడిగినా దిద్దేది. నేనూ దిద్దించుకున్నాను. కొన్నాళ్లకు భువనగిరి కుర్రాడు ఒక రిలీజ్ రోజు సాయంత్రం తనే లేచి, "నాదే, ఒక్క అరగంట ఆగుండ్రి" అన్నాడు. ఆగాం. రాత్రి పదకొండుకు ప్రొడక్షన్‌లో పగలాల్సింది సాయంత్రం ఐదుకే బయటపడింది.

తేదీ దగ్గరపడ్డప్పుడు మనుషుల్ని పెంచడం ఇక్కడి ఇంకో ఆచారం. ఐబీఎం 360 కంప్యూటర్లకు ఆపరేటింగ్ సిస్టమ్ తయారీని నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్, ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి మనుషుల్ని కలిపితే అది మరింత ఆలస్యమవుతుందని 1975లోనే పుస్తకం రాశాడు. యాభై ఏళ్లు గడిచాయి. నానక్‌రామ్‌గూడలో బెంచ్ మీద, అంటే ప్రాజెక్టు లేకుండా, మనుషులు ఎప్పుడూ దొరుకుతారు కాబట్టి మాకు ఆ మాట వినే అవసరం రాలేదు. వచ్చిన ఐదుగురికి పని నేర్పడానికి పని తెలిసిన ఇద్దరు పని ఆపుతారు. ఎరుపు ఇంకాస్త పెరుగుతుంది.

అప్రైజల్ గురించి ఒక మాట అనకుండా ఉండలేను. అర్ధరాత్రి ప్రొడక్షన్ కాపాడినవాడికి స్పాట్ అవార్డు, టౌన్‌హాల్‌లో ఫొటో. ఆ అర్ధరాత్రి రాకుండా ముందే ఒక ప్రశ్న అడిగి ఆపినవాళ్లకు ఏముంది? జరగనిదానికి సాక్ష్యం ఉండదు. అక్క పేరు మా సంస్థలో ఏ అవార్డు స్లైడ్ మీదా నేను చూడలేదు. ఆవిడకు దాని మీద పట్టింపు ఉన్నట్టూ లేదు, కానీ నాకుంది.

మాది ఒక్క టీమ్ అనుభవం, దాన్ని పట్టుకుని లోకానికి చెప్పడానికి లేదు. అయితే నికోల్ ఫోర్స్‌గ్రెన్, జెజ్ హంబుల్, జీన్ కిమ్ 2018లో 'యాక్సిలరేట్' అనే పుస్తకం తెచ్చారు. చాలా సంస్థల్లో సర్వేలు చేసి నాలుగు కొలతలు తీసుకున్నారు. ఎంత తరచుగా రిలీజ్ చేస్తారు, ఒక మార్పు రాసినప్పటి నుంచి వాడకంలోకి రావడానికి ఎంత పడుతుంది, వెళ్లినవాటిలో ఎన్ని చెడతాయి, చెడితే ఎంతసేపట్లో లేస్తారు. మొదటి రెండూ వేగం, చివరి రెండూ నిలకడ. మేం బల్లకు చెరోవైపు పెట్టిన ఈ రెండూ వాళ్ల లెక్కలో ఒకేవైపు కూర్చున్నాయి. వేగంలో ముందున్న టీమ్‌లే నిలకడలోనూ ముందున్నాయి.

ఎదురుచూపంతా చెడ్డదని కూడా అనను. పెద్ద డిజైను నిర్ణయాన్ని రాత్రి ఒకసారి పక్కన పెట్టి పొద్దున చూస్తే బుద్ధి మారడం నాకు తెలుసు. డబ్బు లెక్కలు కదిలే మార్పును ఇంకొక జత కళ్లు చూడాల్సిందే. క్లయింటు వైపు ఆమోద బోర్డును ఎవరూ సరదాకు పెట్టుకోలేదు, ఎప్పుడో చేతులు కాలి ఉంటాయి. ప్రభుత్వ నిబంధనల కోసం చేసే పనుల్లో తేదీ తేదీయే, అక్కడ తగ్గించగలిగేది పని పరిమాణం ఒక్కటే. ఎరుపులో ఏది ఆలోచన, ఏది ఊరికే పడి ఉండటం అన్నది విడదీయడం ఆ షీటు చేయదు, మనుషులే చేయాలి.

ఈమధ్య కోడ్ రాసిపెట్టే ఏఐ సాధనాలు వచ్చాయి. రెండు రోజుల రాత పని ఒక పూటలో అవుతోంది. వేగం రెట్టింపు చేయమని పైనుంచి కొత్త టార్గెట్లు కూడా దిగాయి. మేం పాత షీటును మళ్లీ తీశాం. పచ్చ గీతల్లో రాతకు పట్టిన గీత దాదాపు మాయమైంది. రివ్యూ ముందు ఎరుపు మాత్రం ముందుకన్నా పొడుగైంది, ఎందుకంటే రాసేది యంత్రమైనా చదివి పూచీ పడాల్సింది మనిషే, ఆ మనిషికి రోజుకు గంటలు పెరగలేదు. ఇంతకుముందు మూడు రివ్యూలు వచ్చే రోజున ఇప్పుడు పది వస్తున్నాయి. అందుకని ఏఐ రాసినదైనా సరే, ఒక రివ్యూలో మార్పు ఇంతకు మించకూడదని హద్దు పెట్టుకున్నాం. చిన్న ముక్కలైతేనే చూస్తాం. దీనిమీద మా డెవలపర్లలో ఇంకా వాదన నడుస్తోంది, కుర్రాళ్లకు ఆ హద్దు నచ్చలేదు.

క్లయింటు వైపు ఇంకో పెద్ద ఎర్ర ముక్క అలాగే మిగిలి ఉంది, ఆ మంగళవారం బోర్డు. చిన్న మార్పులకు వారంలో రెండుసార్లు కూర్చోమని అడిగాం. మొన్న అక్క ఆ కాల్ ముగించి వచ్చి ఏమైందో చెప్పింది. ఇంకో రోజు కూర్చోవాలా వద్దా అని తేల్చే కమిటీ వేరే ఉందట, అది నెలకోసారి కలుస్తుందట, ఈ నెల మీటింగ్ పోయిన వారమే అయిపోయిందట.